రెండో గీత

ఇంటర్లో లాజిక్ తీసుకున్నది మేం ముగ్గురమే.
నూజివీడులో, మధ్యాహ్నం మూడో పీరియడ్,
కొమరగిరి మాస్టారు బోర్డు మీద కొండ గీసి
సుద్దముక్క అడ్డంగా రుద్ది పొగ పెట్టేవారు.
"కొండ మీద నిప్పుంది. ఎందుకని? పొగుంది కనక.
ఎక్కడ చూశావ్? వంటింట్లో."

"మా వంటింట్లో గ్యాసు సార్,
నిప్పుంటుంది, పొగుండదు" అన్నాను.
క్లాసంతా నవ్వింది, అంటే మిగిలిన ఇద్దరూ.
"పొగుంటే నిప్పున్నట్టే అన్నాను.
నిప్పుంటే పొగుండాలని నేనెప్పుడన్నాను?
ఈ తలుపు ఒకవైపే తెరుచుకుంటుందమ్మా,
రెండోవైపు నుంచి తోసి చూడు."

ఇరవై రెండేళ్ల తరవాత
బీచ్‌వర్త్ దగ్గర కొండ నెత్తిన,
డెబ్బై ఇనప మెట్ల పైన, అద్దాల గదిలో,
జీతం తీసుకుని మరీ పొగ కోసం చూస్తున్నాను.

మొదటి వారమే రేడియోలో అరిచాను.
తీరా అది మట్టిరోడ్డు మీద ఎవరి బండో లేపిన దుమ్ము.
గ్లెనిస్ పంతొమ్మిది వేసవులు ఇక్కడే కాపు కాసింది.
తిట్టలేదు. థర్మాస్ మూత తిప్పుతూ
"ఇంకేమై ఉండొచ్చు?" అంది.
రోజుకి ఇరవై సార్లు అదే ప్రశ్న.
పొద్దున లోయలోంచి లేచేది మంచు.
ఎండెక్కాక నీలంగా కమ్మేది యూకలిప్టస్ ఆవిరి.
పడమట నిలబడ్డది రంపం మిల్లు.
నూరుసార్లు దుమ్మే కదా, నూటొకటోదీ దుమ్మే అనబోతే
"నా నలభయ్యోది దుమ్ము కాదు" అంది,
ఉత్తరాన నల్లటి వాలు వైపు చూస్తూ.
ఇంకేం చెప్పలేదు.

జనవరిలో వాన లేని మెరుపులు.
ఆ తరవాత ఎనిమిది రోజులు, ఖాళీ ఆకాశం.
లాగ్‌బుక్కులో "నిప్పు లేదు" అని రాయబోయి ఆగాను.
తోసి చూశాను. తలుపు కదల్లేదు.
"పొగ కనబడలేదు" అని రాశాను.

తొమ్మిదో రోజు, మెరుపు ఏ చెట్టు వేళ్లలో దాచిందో,
దారప్పోగంత తెలుపు.
దుమ్మయితే నడిచేది. ఇది నడవలేదు.
నూట పన్నెండు డిగ్రీలు. పటం మీద గీత గీశాను.
ఆ గీత పొడుగునా ఎక్కడైనా కావచ్చు,
ముప్పై కిలోమీటర్ల అడవి.
అప్పుడు దక్షిణం టవరు నుంచి టెస్సా గొంతు:
"ముప్పయ్యారు."
రెండు గీతలూ కోసుకున్న చోట
పెన్సిలు మొన విరిగింది.

ఆ నిప్పు నేను చూడనే లేదు, గట్టు కవతల.
ట్రక్కులు వెళ్లాయి. పొద్దువాలేసరికి
తెలుపు పల్చబడి, ఇంకా పల్చబడి...

"ఆరిందా?" అంది గ్లెనిస్.
"పొగ కనబడటం లేదు" అన్నాను.
థర్మాస్ మూత బిగించి,
"సరే, ఇంకో మూడు రోజులు చూద్దాం" అంది.