గెడ్డం కింద రెండు వేళ్లు

ఆదివారం మిట్టమధ్యాహ్నం, కోట జంక్షన్ దగ్గర
టైలరు షాపు మీది నా గదికి
మెట్లెక్కి వచ్చిందామె.
ఖాకీ చొక్కా విప్పలేదు.
సంచీని మాత్రం
నిద్రపోతున్న చంటిపిల్లని దింపినట్టు
స్టూలు మీద దింపింది.
"కత్తిరించీ" అంది.

ఎంతవరకూ? అన్నాను.
"బండిలో నలిగినంతవరకూ."

సాలూరు బండి.
గజపతినగరం దాటేసరికి కాలు పెట్టే చోటుండదు.
సంచీ పట్టీ కింద జడ చిక్కుకుంటుంది,
ఎవరి గాజుకో, ఎవరి గొడుగు ఊచకో,
ఓసారి రామభద్రపురం సంతకెళ్తున్న
కోడిపుంజు కాలికి.
"టికెట్టు కొట్టాలా, జడ లాక్కోవాలా, నువ్వే సెప్పు."

పుస్తకంలో రాసుకోడానికి పేరడిగాను.
నీలవేణి.
ఇద్దరం అద్దంలోకి చూసి నవ్వాం.
"పేరులో జడ ఎలాగూ ఉంతాదిలే."

అప్పుడు ముఖం చూశాను.
గుండ్రం.
గెడ్డం ఎక్కడ మొదలైందో వెతుక్కోవాల్సినంత గుండ్రం.
నూనెలోంచి అప్పుడే తీసిన బూరె, అనుకున్నాను.
పైకి అనలేదు.

ఫోన్లో ఫోటో చూపించింది.
కోలముఖం పిల్ల,
దవడ దగ్గర గీత గీసినట్టు ఆగిన జుట్టు,
కనుబొమ్మల మీద తెర.
ఇది నీకు వద్దన్నాను.
విశాఖలో ఆర్నెల్లు నేర్చిన పాఠం
గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను:
దవడ దగ్గర ఆపితే బుగ్గకి హద్దురాయి పాతినట్టే,
గెడ్డం కింద రెండు వేళ్లు దిగాలి.
నుదురు మూయకూడదు.
నడినెత్తిన పాపిడి అసలే వద్దు,
ఎడమ కనుబొమ్మ చివర్నించి తియ్యాలి.
పక్కల పల్చన, నెత్తిన కాస్త ఎత్తు,
ఒక్క పాయ చెంప మీదికి వాలాలి,
అప్పుడు ముఖం కోలగా కనిపిస్తుంది.

"కోలగా ఎందుకు?"

దువ్వెన ఆగింది.
పదమూడేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.
బుగ్గలు దాచమ్మా అంటారు, సన్నగా చెయ్యమ్మా అంటారు,
పెళ్లిచూపుల ముందురోజు వచ్చినవాళ్లయితే
సగం ముఖం ఇక్కడే వదిలేసి పోతామంటారు.

"మాది బొబ్బిలి పక్క గొల్లపల్లి.
పనసకర్రతో వీణలు సెక్కుతారు.
కుండ గుండ్రంగానే ఉండాల.
కోలగా సెక్కితే ఏటి పలుకుతాది?"
కాసేపాగి,
"బండిలో పిల్లలు నా ముకం సూస్తే ఏడుపు మానేత్తారు.
నాకది సాలు."

జడకి పైనా కిందా రబ్బరు బిగించాను.
కత్తెరకి తడిగడ్డి కోసిన చప్పుడొచ్చింది.
జడని చేతిలో తూచి చూసుకుంది.
"దీనికి లగేజీ టికెట్టు కొట్టాలా ఏటి?"

తర్వాత బేరం.
పక్క పాపిడికి ఒప్పుకుంది.
రెండు వేళ్లకి ఒప్పుకోలేదు,
చెవి తమ్మెల దగ్గరే ఆపించింది.
చెంప మీది పాయని నేను ముందుకి లాగాను,
ఆమె చెవి వెనక్కి తోసింది.
మళ్లీ లాగాను, మళ్లీ తోసింది.
మూడోసారి కత్తిరించేశాను.

మెడ వెనక ఎన్నడూ ఎండ తగలని చోటు
పసుపు కొమ్ము విరిచినట్టు బయటపడింది.
దాని మీద అడ్డంగా, నల్లగా,
సంచీ పట్టీ రాసుకున్న గీత.
దానికి ఏ కటింగూ లేదు నా దగ్గర.

లేచి సంచీ తగిలించుకుంది.
పట్టీ దేనికీ తగలకుండా భుజం మీద కూర్చుంది.
తల రెండుసార్లు విదిలించి చూసుకుంది,
వానలో తడిసొచ్చిన మేకలా.
చిల్లర లెక్కపెట్టి ఇస్తూ
అద్దంలో నా వైపు చూసింది.
"నీదీ గుండ్రమే గదా.
ఆ పాయ కళ్లల్లో గుచ్చుకోదేటి?"

మెట్ల మీంచి విజిల్ వినిపించింది.
అలవాటుగా ఊదిందో, కావాలనే ఊదిందో.

గవరమ్మ నేల ఊడుస్తోంది.
అద్దం ముందు నేనొక్కదాన్నీ
గెడ్డం కింద రెండు వేళ్లు పెట్టి చూసుకున్నాను.
పాయని చెవి వెనక్కి తోశాను.
జారి ముందుకొచ్చింది.
మళ్లీ తోశాను.