గంజినీళ్ళు

ఆరున్నరకి నేను గోడౌన్ నుంచి వస్తాను.
ఏడుంబావుకి మందాకిని ఆసుపత్రికి వెళుతుంది.
మధ్యలో నలభై ఐదు నిమిషాలు.
వారానికి ఐదు రోజులు మేం నలుగురం
ఒకే కప్పు కింద ఉండేది అంతసేపే,
బెడ్‌ఫర్డ్‌లో, ఎర్ర ఇటుకల వరస ఇళ్ళలో,
పదిహేడో నంబరులో.

మొదట్లో ఆ కాస్త సమయాన్నీ కుక్కరే తినేసేది.
విజిల్ కోసం చెవులు పొయ్యికి అప్పగించి
ఒకరి వీపు ఒకరం చూసుకునేవాళ్ళం.
మందాకిని నిలబడే తినేది,
ఒక బూటు వేసుకుని, రెండోది వెతుక్కుంటూ.
చారు అని ముద్దుపేరున్న మా పిల్ల చారు ముట్టదు.
దాని తమ్ముడు ఈశాన్
కాల్చిన రొట్టెముక్కల మీద బతుకుతున్నాడు.

పక్కింటి అసుంతగారికి ఎనభై మూడు.
"ఆ రైలు రోజూ ఏ ఊరు పోతుంది?" అంది
ఓ సాయంత్రం, కంచె మీంచి.
కుక్కరు సంగతని అర్థమయ్యేలోపే
ఇంటి చెప్పులతో మా వంటింట్లో ఉంది.

ఏముంది ఇంట్లో, అంది.
ఏమీ లేదన్నాను.
అలమరా తనే తెరిచింది.
కాబూలీ శనగల డబ్బా ఒకటి,
సగం పొట్లం పాస్తా,
మెత్తబడ్డ టమాటాలు, వెల్లుల్లి.
"ఏమీ లేకపోవడమంటే నీకు తెలీదు, నాయనా."

నూనెలో వెల్లుల్లి, మాడనివ్వకూడదు.
వాసన లేవగానే టమాటా, చేత్తోనే చిదిమి.
శనగలు సగం గరిటె వీపుతో మెదిపి,
సగం వాటి మానాన వాటిని వదిలేసి.
ఉప్పెంత? అన్నాను, ఫోనులో రాసుకోబోతూ.
భుజాలెగరేసి వాళ్ళ భాషలో ఏదో అంది.
అర్థం అడిగితే కాసేపు తడుముకుని,
"చాలినంత" అని చెప్పింది.
మా పెద్దమ్మ నోటుపుస్తకంలో
ప్రతి పేజీ చివరా ఉండే మాటే: ఉప్పు తగినంత.

పాస్తా ఉడికింది.
చిల్లుల గిన్నె సింకులో పెట్టి వార్చబోయాను.
ఒక్క అరుపు అరిచింది,
పిల్లలిద్దరూ మెట్లమీద ప్రత్యక్షం.
"నీళ్ళు! ఆ నీళ్ళు!"
నన్ను పక్కకి నెట్టి కప్పు ముంచి తీసింది.
తెల్లగా, చిక్కగా, ఆవిరి కక్కుతూ.

దాన్ని నేనెరుగుదును.

మా ఇంట్లో గంజి పారబోస్తే అక్షింతలు పడేవి.
ఉప్పూ నిమ్మకాయా పిండి గ్లాసులో మాకు,
మిగిలింది నేతచీరలకి,
ఇంకా మిగిలింది గేదె కుడితికి.
అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి, ఇరవై ఏళ్ళలో
ఎన్ని బిందెలు తూములోకి పంపానో.

కప్పు మూకుట్లో ఒంపింది.
అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్న
నూనే టమాటా రాజీపడ్డాయి.

పల్లెటూరి వంట కదా ఇది, అన్నాను, మెచ్చుకోలుగా.
గరిటె ఆపి చూసింది.
"పల్లెలో మాకు పొయ్యి దగ్గర పొద్దంతా ఉండేది.
ఇది ఇక్కడ నేర్చుకున్నా.
మా ఆయన ఇటుక బట్టీ నుంచి వచ్చేవాడు,
కనుబొమల దాకా ఎర్రదుమ్ము.
నాది మిఠాయి ఫ్యాక్టరీలో రాత్రి పని. ముగ్గురు పిల్లలు.
రుచికోసం ఎవరు వండారు?
బస్సు తప్పిపోకుండా వండాను."

ఆరూ యాభై ఐదు.
మందాకిని కుర్చీ లాక్కుని కూర్చుంది,
రెండు కాళ్ళకీ మేజోళ్ళే.
పిల్లాడు గిన్నె అంచు నాకాడు.
"ఇది చారు కాదుగా?" అంది చారు, అనుమానంగా.
కాదన్నాను.
పూర్తి నిజమేం కాదది.
ఇరవై నిమిషాలు ఎవరూ లేవలేదు.
ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు గుర్తులేదు.

కుక్కరు ఇప్పుడు ఆదివారాలే కూస్తుంది.
అప్పుడు కంచె అవతల
బట్టలు ఆరేస్తున్న అసుంతగారు
క్లిప్పు పళ్ళతో పట్టుకుని,
రైలుకి ఊపినట్టు చెయ్యి ఊపుతుంది.