ఫహ్మీదా దొర్కుతలేదు

పార్కు లేన్ల, మెట్ల కింది దుకాణంల
ఏడువేల ఐదొందలకు కొన్నం
సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు.
ఆటోల ఒళ్లె పెట్టుకోని తెచ్చిన వారాసిగూడకు,
గతుకు వచ్చినప్పుడల్లా దాని మీద చెయ్యి వేసి.

ముందటర్రల పాతది, లగ్గం పత్రికలకు, ఫ్లెక్సీలకు.
ధరణి గ్రాఫిక్స్ అని బోర్డు కట్టినం గని
దుకాణం కాదు, మా కిటికీ.
లోపలర్రల ఇది, సింధూజ చదువుకు,
నేను కొట్టిన పత్రికల తప్పులు దిద్దేతందుకు.

ఇన్నేండ్లు పెన్‌డ్రైవు పట్టుకోని
ఆ అర్రకు ఈ అర్రకు తిరిగిన.
కొంగున ముడేసుకున్న దినాలు గూడ ఉన్నయి.
ఒకసారి చీరెతోని పాటు సర్ఫుల నానింది,
పదకొండు లగ్గాలు నానినయి.

ఆడిబిడ్డ కొడుకు ఎల్లేశు వచ్చి
గోడకు తొర్ర కొట్టిండు,
ఓనరుకు చెప్పకుండ, క్యాలెండరు ఎనక.
నీలం వైరు ఉడుత లెక్క తల బయట పెట్టింది.

నెట్‌వర్క్ తెరిస్తే రెండు బొమ్మలు.
ఒకటి ధరణి.
ఇంకోటి, ఇంగ్లీషు అక్షరాలల్ల, ఫహ్మీదా.
"ఇంతకు ముందటోళ్లది. మార్చాల్నా అత్తా? రెండు నిమిషాలు."
అమ్ముకునే నాడు
పేరు తుడుస్తందుకు గూడ తీరలేదేమో ఆమెకు,
మనకేం తొందర.
ఉండనియ్యి అన్న.

లోపల అంత ఖాళీ.
ఒక్క ఫోల్డరు మిగిలింది, పేరు అమ్మీ.
తెరిస్తే ఏం లేదు.
ఏం లేదా అని మళ్ల తెరిచిన.
గదే పంచుకుందమన్న, రెండర్రల నడుమ.

ఎల్లేశు అడిగిండు:
"చదువుడు ఒక్కటేనా, మార్చుడు గూడనా?"

నేను కీబోర్డు దుమ్ము దులుపుకుంట కూసున్న.
అత్తగారింట్ల మొదటి మూడేండ్లు
బియ్యం డబ్బా నాకు సూసుడు మట్టుకే.
కూరల ఉప్పు ఎక్కువ తక్కువ చేసే హక్కు
ఎవరిచ్చిండ్రో, ఎప్పుడిచ్చిండ్రో యాదికి లేదు.
ఒకనాడు చేసిన.
ఎవ్వరు ఏమనలే.

"మార్చుడు గూడ" అన్న.

అప్పటిసంది అమ్మీల ఏముంటదో చెప్పలేం.
గృహప్రవేశం పత్రికల పక్కన కరెంటు బిల్లు ఫొటో,
మా ఆయన సుదర్శన్ ఎక్కడికెల్లో తెచ్చిన
మోకాళ్ల నొప్పుల కాయితం.
"చిరంజీవికి ర కింద సున్న ఎందుకమ్మా" అని
సింధూజ ఎర్ర అక్షరాలు.
ఒక రాత్రి "రేపు చెప్త" అనే పేరుతోని ఒక ఫైలు.
రెండు సబ్జెక్టులు పోయినయి.
మార్చే హక్కుండె నాకు.
చదివి, మూసిన.
తెల్లారి దోసెల పిండి జర ఎక్కువ కలిపిన.

వానకు కరెంటు పోయొచ్చిన సాయంత్రం
తెర మీద ధరణి ఒక్కతే నిలబడ్డది.
కేకేసిన: "సింధూ, ఫహ్మీదా దొర్కుతలేదే!"
పిట్టగోడ మీదికెల్లి పక్కింటి బాలమణి:
"ఎంత వయసు పిల్ల? ఏం రంగు బట్టలు?"
వైరు కొస లూజైంది, అంతే.
ఒత్తి పెడితే వచ్చి కూసున్నది, ఏం కానట్టు.
దొర్కిందని బాలమణికి చెప్పిన.
"ఏడవోయిందోనని గుండె దడుసుకున్నది" అని
చాయ తాగి పోయింది.
ఎవరని అడగలే, నేను చెప్పలే.

మొన్న ముషీరాబాదు నుంచి ఒకాయన వచ్చిండు.
బిడ్డ పెండ్లి. ఉర్దూల ఒక దిక్కు, తెలుగుల ఒక దిక్కు.
చీటీ మీద పెండ్లిపిల్ల పేరు రాసిచ్చిండు.
ఈ పట్నంల ఆ పేరున్నోళ్లు ఎంతమందో,
కంప్యూటరు ఎప్పుడన్న అమ్మిండ్రా అని అడుగుడేంది?
అడగలే.

రోజు సూసే పేరే,
తెలుగుల కొట్టుడు ఇదే మొదటిసారి.
హ కింద మ ఒత్తు నిలవలే, రెండుసార్లు జారింది.
పట్టి నిలవెట్టి, అమ్మీల పెట్టిన.

లోపల్నుంచి సింధూజ:
"ఒత్తు మంచిగైంది గని
పిల్లగాని పేరు కంటే ఈమెది జర పెద్దగ లేదా?"

ఉండనియ్యి అన్న.