నమూనా సీసా

బ్యాగులో మూడు సీసాలు, లక్క, కొవ్వొత్తి.
ఎక్సైజు ఆఫీసు తోలితే పాకల తోపుకి వచ్చాను.
రూలు ప్రకారం నేనేమీ తాగకూడదు.

తెల్లారగట్ల ఇసక ఇంకా చల్లగానే ఉంది.
పోతుతాటి మీంచి మాలకొండయ్య కేకేశాడు:
"కూచో అబ్బయా, దిగొస్తా ఉండా."
తాటిమట్టతో ఇసక చదును చేసి
తన తువ్వాలు ముందే పరిచి ఎక్కాడని
కాసేపటికి గానీ గమనించలేదు.
సర్కారు బైకు చప్పుడు
నాకంటే ముందు చెట్టెక్కుతుంది మరి.

మోకు జార్చుకుంటూ దిగాడు.
నడుముకి లొట్టి, లొట్టి మూతికి తేనెటీగలు.
ఏం పనిమీద అనలేదు.
"పొద్దున ఏమన్నా తిన్నావా?"
లేదన్నాను.
"అయితే నీకు నత్తిది వద్దులే."

అప్పుడు తెలిసింది చెట్లకి పేర్లున్నాయని.
నత్తిది ఆగి ఆగి చుక్కేస్తుంది,
ఆ కల్లు ఖాళీ కడుపుతో గొడవ పెట్టుకుంటుంది.
కరణం రోజుకి రెండు లొట్లే, గీత దాటడు.
కోడలు పొద్దున తీపి, ఎండెక్కితే...
"అత్త చెట్టు సంగతి కూడా చెప్పు ఆయనకి"
పొయ్యి దగ్గర నెత్తళ్ళు వేయిస్తూ పెంచలమ్మ.
ఆయన దగ్గాడు. ఆ చెట్టు గురించి ఇప్పటికీ నాకు తెలియదు.

ఒక్కొక్కరే వచ్చారు.
ఉప్పుకొటారు ఓబులు అడక్కముందే కరణం లొట్టి వంగింది.
మొక్కుకుని మానేసిన డ్రిల్లు మాస్టారికి
సున్నం పూసిన లొట్టిలోది, మత్తు లేనిది;
కానీ దొన్నె మాత్రం అందరి వరసలోనే.
వీరరాఘవులు మూడోది చాపితే
"బైకు మీదొచ్చావు, చాలు" అని
దొన్నె తీసుకుని ఇసకలో బోర్లించాడు.
డబ్బులిచ్చేవాడి మీద అంత పెత్తనం
నేను మా అమ్మ దగ్గరే చూశాను.

ఈ రాఘవులిదే, పోయినేడు రోడ్డుకి కొట్టేసిన చెట్టు.
ఇరవయ్యేళ్ళు దాని కల్లే తాగినవాడు
మర్నాడొచ్చి మోడు మీద కూర్చున్నాడట.
ఇంటికని ఉంచుకున్న చెట్టు
ఆ పొద్దే ఆయన పేరున రాశాడు మాలకొండయ్య,
నోటితో.

"నమూనా కావాలి" అన్నాను చివరికి.
"ఎవురు తాగుతారు?"
"ఎవరూ తాగరు. గుంటూరు ల్యాబుకి.
మత్తు పొడి కలిపారేమో చూస్తారు."
లొట్టి మూతి మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
ఒక్క క్షణమే.
"ల్యాబులో మనుషులే గదా ఉండేది?
గుంటూరంటే ఎండలో పోవాల. దోవలో పులుస్తది.
ఉండు" అని
అప్పటికే రెండుసార్లు ఎక్కిన మనిషి
మళ్ళీ మోకు బిగించాడు.
తోపు చివర, గాలి తగిలే చెట్టు. దాని పేరు చెప్పలేదు.

సీసాలోకి నురగ పొర్లకుండా పోశాడు,
చంటిదానికి ఉగ్గు పట్టినట్టు.
నేను లక్క కరిగించి ముద్ర కొట్టాను.
చీటీ మీద "నమూనా" అని రాశాను.
చెట్టు పేరుకి అందులో గడి లేదు.

"ఇది సున్నం లొట్టిది, ఏమన్నా ఉంటే రాసుకో"
అంటూ నా చేతిలోనూ ఒక దొన్నె పెట్టాడు.
పట్టడం రాక సగం చొక్కా మీద పోసుకున్నాను.
వేలు మడత కింద ఎట్లా పెట్టాలో
చెయ్యి పట్టుకుని దిద్దాడు.
మిగతా సగం గురించి ఏమీ రాసుకోలేదు.

గెలలెండాక వచ్చింది రిపోర్టు, ఒక్క లైను:
కల్తీ లేదు.
చూడాల్సింది గాజుగొట్టంలో చూసి
మిగిలింది సింకులో పోసుంటారు.

సింగరాయకొండ బస్టాండులో ఆయనే కనిపించి పలకరించాడు.
రిపోర్టు సంగతి అడగలేదు.
"పడిందా అబ్బయా వాళ్ళకి?"

పడిందన్నాను.
ఇంకో దొన్నె అడిగారన్నాను.

"అడగతారు" అన్నాడు
భుజం మీద మోకు సర్దుకుంటూ,
"ఆ చెట్టు అట్టాంటిది."