నాలుగో గడి

రాత్రి కొండ మీద కురిసింది.
కింద మాకు చుక్క పడలేదు.
అయినా ఎర్మిందా ముక్కెగబీల్చి
"ఇవాళ నీళ్ళది మట్టి వాసన" అంది,
పులుసులో ఉప్పు చూసినంత మామూలుగా.

ఒక అడ్డకర్ర, ఒక తాళం,
తుప్పురేకు మీద మునిసిపాలిటీ వాళ్ళ పుర్రెబొమ్మ.
రోజుకు పన్నెండుమందే.
తొమ్మిది దాటితే ఆ పన్నెండుమందీ లేరు.
ఆండీస్ తూర్పు వాలులో
మబ్బులు నడుం దగ్గరే ఆగిపోయే చోట
ఏడు అంతస్తుల నీరు.
గేటు దగ్గరికి వినబడుతుంది, కనబడదు:
పక్కింట్లో ఎవరో ఏళ్ళ తరబడి
తిరగలి విసురుతూనే ఉన్నట్టు.

బొగోటా నుంచి రాత్రి బస్సులో వచ్చాను.
మూడు నెలల కిందటి అర్జీ, రబ్బరు ముద్ర,
మడతల దగ్గర చిరిగిన అనుమతి కాగితం.
ఆమె దాని మొహమైనా చూడలేదు.
ఉన్ని రువానా కింది నుంచి
లావుపాటి రిజిస్టరు తీసింది.

పేరు. ఊరు. లోపలికెళ్ళిన వేళ.
నాలుగో గడి: రాకపోతే ఎవరికి చెప్పాలి?

మూడు నింపి పెన్ను ఇచ్చేశాను.
తిప్పి ఇచ్చింది.
"నాలుగోది."
"ఎవరూ లేరండీ."
"అయితే కొండా లేదు."

వెనక నిలబడ్డవాళ్ళు నసుగుతున్నారు.
ఫోనులో పేర్లు పైకీ కిందికీ తిప్పాను:
గ్యాసు బండ మనిషి, పళ్ళ డాక్టరు,
నాలుగేళ్ళుగా నాతో పలకని తమ్ముడు.
చివరికి అడిగాను,
"మీ పేరెలా రాస్తారు?"
ఒక్కో అక్షరం చెప్పింది.
"మొదట హెచ్.
అది రాయడానికే, పలకడానికి కాదు."
కర్ర లేచింది.

మనవడు యెసిద్ ముందు నడిచాడు,
రబ్బరు బూట్లు, భుజాన తాటిచుట్ట.
మొదటి మెట్టు పేరు చాకిరేవు.
నిజంగానే ఉతికేవారట ఒకప్పుడు.
రెండోది గాడిద. తంతుంది.
మూడోది అత్తగారు.
ఎందుకా పేరంటే
"దగ్గరికెళ్ళండి, మీకే తెలుస్తుంది" అన్నాడు,
ఇంకా పెళ్ళికాని కుర్రాడు.

తెలిసింది.
నోరు తెరిస్తే నోట్లోకొస్తుంది.
ఊపిరికీ ఊపిరికీ మధ్య కూడా తనే ఉంటుంది.
నాచు మీద కాలు జారిన ఆ అరక్షణం
నా బరువెంతో మొదటిసారి
నా చేతులకు తెలిసింది.

తలెత్తాను. నాలుగోది.
సగమే ఉంది. మిగతా సగం ఇంకా మబ్బులోనే.
"దాని పేరు?"
"లేదు. పేరు పెట్టాలంటే
వెళ్ళి రావాలి కదా."

నల్లపిట్టలు నాలుగైదు
నీటిని చీల్చుకుని వెనక్కి పోయాయి.
వాటి గూళ్ళు ఆ తెర వెనకేనట.
వాటికి రిజిస్టరు లేదు.

అప్పుడు, ఒక ఆకు.
పచ్చిది. దాని వెనక ఇంకోటి.
తర్వాత వేళ్ళతో సహా ఒక రెమ్మ.
యెసిద్ నవ్వు ఆగింది.
"నడవండి" అన్నాడు. పరుగెత్తమనలేదు.
పైనెక్కడో రాళ్ళు ఒకదాన్నొకటి
పలకరించుకుంటున్న చప్పుడు.
గాడిదను దాటేసరికి నీళ్ళు కాఫీ రంగు.
చాకిరేవులో పొద్దున నేను
బూటు తాళ్ళు కట్టుకోడానికి కూర్చున్న బండ
లేదు.

ఎర్మిందా గేటు దగ్గర నిలబడే ఉంది.
స్కేలు పెట్టి, నా పేరు మీద
తిన్నగా గీత కొట్టింది.
గాలికి పేజీలు వెనక్కి పోయాయి.
అన్నీ గీతలే.
ఒక పేరు మీద మాత్రం లేదు.
ఆ పేజీ అంచు చేతి జిడ్డుకి నల్లబడింది.
నాలుగో గడిలో చిన్న అక్షరాలు:
ఎవరికీ వద్దు.

"రెండేళ్ళయింది" అంది.
"ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మరిచాను.
చదవకుండానే కర్ర ఎత్తాను.
అందుకే ఇప్పుడు
వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాను."

చెప్పింది. పేరు, ఊరు, లోపలికెళ్ళిన వేళ.

వేడి బెల్లం నీళ్ళలో జున్నుముక్క వేసి ఇచ్చింది.
వణుకు తగ్గని రెండు చేతులా గిన్నె పట్టుకుని
పైకే అన్నాను: ఎలియూద్.

నేను తప్పు పలికాను.
ఆమె సరిదిద్దింది.