నాలుగో తొట్టి

మా ఇంటిపేరు సూరాడ.
సూరచేపని వేటాడినోళ్ల పేరది అనేవాడు తాత.
అబద్ధమే అయుంటుంది.
ఇప్పుడు జీతానికి సూరపిల్లల్ని కాస్తన్నాను,
గోపాల్‌పూర్ ఇసకలో, రేకుల కప్పు కింద,
రాత్రి డ్యూటీ.

పిల్లలంటే ఏటనుకున్నారు?
కనురెప్ప వెంట్రుక తుంచి నీళ్లలో వేసి
రెండు నల్ల చుక్కలు పెడితే, అంతే.
చుక్కలు కళ్లు. మిగతాదంతా నీళ్లే.
మా నాయన ఒకసారి తెచ్చిన రెక్కసూర
నలుగురు మోస్తే గాని ఇసక దాటలేదు.
అదీ ఇదీ ఒకటేనంటే
నమ్మడానికి నాకు పదకొండు రాత్రులు పట్టింది.

మొదటి విడత డెబ్భై వేలు.
ఐదో రోజుకి నలభై మూడు.
వేలు కాదు. నలభై మూడు.
సాబత్ మేడం గాజుగ్లాసుతో నీళ్లు ముంచి
దీపానికెత్తి ఒడియాలో లెక్కపెట్టింది.
నేను తెలుగులో లెక్కపెట్టాను.
ఏ భాషలోనూ ఒక్కటీ పెరగలేదు.

పైన చచ్చేవి కొన్ని.
నీటికి చర్మం ఉంటుంది, మనకి తగలదు గానీ
వాటికి జిగురు. అంటుకుంటే ఊడిరావు.
అందుకే మొదట్లో పైన పల్చగా నూనె పరుస్తాం.
మూడో రోజుకి అదే నూనె
కాగితంతో అద్ది అద్ది తీసేస్తాం,
ఎందుకంటే అప్పుడు ప్రతి పిల్లా పైకొచ్చి
ఒక్క గుటక గాలి మింగాలి.
ఆ గాలే కడుపులో తిత్తయి
దాన్ని నీళ్లలో నిలబెడుతుంది.
గడువు దాటిందా, దారి మూసుకుపోతుంది.
ఆ తర్వాత లోకంలో ఎంత గాలున్నా
దానిది కాదు.

అడుగున చచ్చేవే ఎక్కువ.
"సూర నిద్రపోదురా, ఆగితే చస్తాది" అనేవాడు నాయన.
పెద్దవాటి సంగతి అది.
పిల్లలు చీకటి పడితే ఈత మాని మునుగుతాయి.
సముద్రంలో ఎంత మునిగినా
తెల్లారేసరికి ఇంకా నీళ్లలోనే ఉంటాయి.
మా తొట్టి నా ఛాతీ లోతు.
అందుకని రాత్రంతా లైటు, అడుగునుంచి సన్నటి బుడగలు.
బుడగ చిన్నదైతే మునుగుతాయి,
పెద్దదైతే దెబ్బ తింటాయి.
ఆ మధ్య ఎక్కడో ఉంది నా ఉద్యోగం.

నిన్న ఒంటిగంటకి కరెంటు పోయింది.
జనరేటరు రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.
మోటారు కింద ఇన్నాళ్లూ అణిగున్న సముద్రం
ఒక్కసారి గోడ పక్కకొచ్చి కూచుంది.
ఫోను లైటు దూలానికి కట్టాను.
అన్నం తిన్న సత్తుపళ్లెం
సబ్బు తగలకుండా ఉప్పునీళ్లతో తోమి
వెదురుకర్రకి బిగించాను.
అడుగునుంచి పైకి, అడుగునుంచి పైకి,
చోడిజావ మాడకుండా కలిపినట్టు.
మా అమ్మ పైడితల్లి చెయ్యి అది, నాది కాదు.
మా వంశంలో తెడ్డేసి
ఎక్కడికీ వెళ్లనివాణ్ణి నేనొక్కణ్ణే.

నాలుగున్నరకి భుజం నాది కాదనిపించింది.
ఐదింటికి లైను వచ్చింది.
బుడగలు లేచాక కూడా
చాలాసేపు కలుపుతూనే ఉన్నాను.

మేడం వచ్చింది. గ్లాసు ముంచింది.
దీపానికెత్తి చూసి, ఏమీ అనకుండా
నా చేతికిచ్చింది.
చుక్కలు. జంటలు జంటలుగా నల్లచుక్కలు
గ్లాసు నడిమధ్య నిలబడి
నన్నే చూస్తన్నాయో లైటునే చూస్తన్నాయో.

రిజిస్టరులో నాలుగో తొట్టి ఎదర
ఆరు వేల రెండొందలని ఒడియాలో రాశాను.
మరణాల గడిలో మిగతావి.
అరవై మూడు వేల ఎనిమిది వందలు,
దానికి చోటు చాలక అంకెలు గీత దాటాయి.

ఇంకో రెండు వారాలకి
ఒకదాన్నొకటి తినడం మొదలెడతాయంట.
అదీ దాటితే, గోడ కనబడక
తలలు బద్దలుకొట్టుకుంటాయంట.
గోడకి ఏ రంగు వెయ్యాలో
మేడం ఆలోచిస్తంది.
నేను పళ్లెం విప్పి కడుక్కుని
చద్దన్నం పెట్టుకున్నాను.