చేబదులు

రాత్రి రెండు గంటలు. టార్చి వెలుగులో కొలబద్ద చూస్తాను.
నిన్నటి గీత నీళ్ళ కింద ఉంది.
రేడియో నొక్కి కిందికి చెబుతాను:
"సరస్సు నుంచి ఇలారియో కావుషి. మూడు సెంటీమీటర్లు."
నిద్రమత్తు గొంతు: "రాసుకున్నాం."

పదకొండేళ్ళుగా ఇదే ఉద్యోగం.
ఆండీస్ కొండల్లో, గాలికే ఆయాసమొచ్చే ఎత్తున,
రేకుల గదిలో, రెండు గొర్రెబొచ్చు దుప్పట్ల కింద,
నీళ్ళకి కాపలా.

మా తాత ఇక్కడికి మంచు కోసుకోడానికొచ్చేవాడు.
గొడ్డలితో పలకలు కొట్టి, గడ్డి చుట్టి, గాడిద మీదేసి
సంతకు చేరేసరికి సగం కరిగేది.
మిగిలిన సగాన్ని తురిమి, పాకం పోసి అమ్మేవాడు.
కరిగిన సగానికి ఎవర్నీ లెక్కడగలేదు.
గాడిద తడిసింది, అంతే.
ఆయన గొడ్డలి దింపిన చోటే నా గది.
ఇప్పుడు మంచు చూడాలంటే
టోపీ జారిపడేదాకా తలెత్తాలి.

కిందటి వారం బ్యాటరీలు మోసుకొచ్చిన యోబర్ చెప్పాడు:
ఎక్కడో చల్లటి హాల్లో దేశాలన్నీ కూడి
ఒక్క మాట దగ్గర తెల్లవార్లూ కూర్చున్నాయట.
"చెల్లించాలి" అని కొందరు,
"చెల్లించవచ్చు" అని కొందరు.
క్రియ ఒకటే. తగాదా తోక దగ్గర.
తెల్లారేసరికి "వచ్చు" గెలిచిందట, చప్పట్లు కొట్టారట.
ఒకావిడ ఏడ్చిందట,
అలసటకో, విమానం తప్పిపోయిందనో, యోబర్‌కి తెలీదు.

మాకూ కొంత వచ్చింది, కాదనను.
సైరన్ వచ్చింది. దానికో స్తంభం వచ్చింది.
స్తంభానికి ఇచ్చినవాళ్ళ జెండా బొమ్మ.
వెనకాలే కాగితం: ఇది సాయం కాదు, అప్పు.
వడ్డీ తక్కువేనని ఇంజనీరు ఊరడించాడు.
ఇల్లు కాలి ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి సంగతి విన్నాం.
బిందె అద్దెకిచ్చేవాణ్ణి ఇప్పుడే చూడటం.

నష్టం రాసుకోడానికి ఫారమూ వచ్చింది.
గొర్రెలెన్ని, గోడలెన్ని, ఎకరాలెన్ని.
ముసలి దియోనీసియా మాల్కి వేలిముద్ర వేస్తూ
"మా పై ఊట ఎండిపోయింది, రాయి" అంది.
"ఆ ఊట ఎవరి పేరు మీదుంది?" గుమాస్తా అడిగాడు.
"దాని పేరు మీదే" అంది.
ఆ గడి ఖాళీగానే పోయింది.

మా క్వెచువాలో ఐనీ అని ఒకటుంది.
నా పైకప్పుకి నువ్వు రెండ్రోజులొస్తే
నీ బంగాళాదుంపలు తవ్వడానికి నేను రెండ్రోజులొస్తాను.
కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. చేతికి చేయే బదులు.
ఎగ్గొట్టినవాడి ఇంట్లో పెళ్ళయితే
బాజా వాయించేవాడు దొరకడు. అదే శిక్ష.

ఈ మే నెలలో దియోనీసియా కొండెక్కి వచ్చింది.
ఎనభై దాటిన మనిషి. దారిలో ఎన్నిసార్లు కూర్చుందో.
"పందొమ్మిదేళ్ళ కిందట నా గోడకి ఒక పూట పనిచేశావు.
నీ పూట నా దగ్గరే ఉండిపోయింది. పని చూపించు" అంది.
నేను మరిచిపోయాను, నిజంగా.
ఈ ఎత్తున పొలమేది, పనేది?
వెతికితే సంచిలో ఎండు చిక్కుడుకాయలు కనిపించాయి.
రాయి మీద కూర్చుని వలిచింది.
మాట్లాడలేదు. టీ ఇస్తే వద్దంది, పని మధ్యలో తాగనంది.
పొద్దు నడినెత్తికొచ్చాక లేచి పావడా దులుపుకుంది.

అప్పుడు చూసింది సరస్సు వైపు.
"ఎంత లోతు?"
చెప్పాను.
వేళ్ళ మీద ఏదో లెక్కేసి, మధ్యలో ఆపేసింది.
"నా గోడ ఎంతెత్తో నీకు తెలుసుగా,
నువ్వేగా కట్టావు."

తెలుసు. నా భుజం దాకా.

నాలుగు గంటలు. మరో సెంటీమీటరు.
కింద డ్యూటీ మారినట్టుంది, గొంతు కొత్తది.
"ఎవరు మాట్లాడేది?" అంటోంది.
పేరు మళ్ళీ మొదట్నుంచి చెబుతాను.